ఒక్కర్తివేనా?

పోయిన నెల ఈ పేజీలో ఒకావిడకి జవాబిస్తూ మాటల మధ్యలో మా ఆతే గురించి నాలుగు వాక్యాలు రాశాను. కువైట్‌లో నాతో ఒకే వార్డులో పనిచేసిన ఫిలిప్పీన్స్ నర్సు, రిటైరయ్యాక ఎవరి తోడూ లేకుండా రాజోలు దగ్గర మా ఊరికి వచ్చి వెళ్ళిందని రాశాను, అంతే. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఆవిడ గురించే! అందుకని మోకాళ్ళ నొప్పులు, షుగరు ప్రశ్నలు వచ్చే నెలకి దాచి, ఈసారి పేజీ మొత్తం ప్రయాణాలకే ఇస్తున్నాను.

ముందు ఆ పిలుపు సంగతి. 'ఆతే' అంటే తగలోగ్ భాషలో అక్క. మనలాగే వాళ్ళూ తమకన్నా పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరు. 1999లో నేను డ్యూటీలో చేరిన మొదటిరోజు అందరూ ఆవిణ్ణి ఆతే, ఆతే అంటుంటే ఎవరికో అత్తగారేమో అనుకున్నాను. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. లేతే ద్వీపంలో తక్లోబాన్ పట్నం పక్క ఊరు వాళ్ళది. ఇంట్లో మాట్లాడేది వారాయ్ భాష.

ప్రశ్న: నాకు 58. మావారు పోయి రెండేళ్ళయింది. పిల్లలిద్దరూ బెంగుళూరులో ఉంటారు. కాశీ చూడాలని ఉంది. పిల్లలేమో టూరు బస్సులో పంపిస్తామంటారు. నాకు మాత్రం ఒక్కదాన్నే వెళ్ళి, ఇష్టమొచ్చినంతసేపు ఘాట్ మెట్ల మీద కూర్చోవాలని ఉంది. మా ఆడపడుచు "ఈ వయసులో ఒక్కర్తివేనా? మతిపోయిందా?" అంది. నిజంగానే నాకు మతిపోయిందంటారా?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: లేదు చెల్లెమ్మా. ఉత్తరం అంతటిలోకీ నన్ను పట్టేసిన మాట 'ఇష్టమొచ్చినంతసేపు'. ఆ మాట మీద ఆతే, నేను రాత్రి డ్యూటీల్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో లెక్క లేదు.

నా సంగతి చెప్తాను. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీకూ గుర్తుండే ఉంటుంది. మా మావగారి రెండెకరాల తోటలో 140 కొబ్బరిచెట్లుంటే తెల్లారేసరికి 31 నిలబడ్డాయి. మళ్ళీ మొక్క వేసి కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి. అప్పటికే అప్పులున్నాయి. మూడో ఏడు నేను కువైట్ విమానం ఎక్కాను. అప్పటికి నేను ఒంటరిగా దాటిన ఊరు రాజమండ్రి ఒక్కటే. అరబ్బీ ముక్క రాదు. చంకలో పిల్లాణ్ణి అత్తగారి చేతికిచ్చి, భాష తెలియని దేశానికి బయల్దేరితే నన్ను ఒక్కరంటే ఒక్కరు కూడా "ఒక్కర్తివేనా?" అని అడగలేదు. అడగకపోగా మా వీధివీధంతా వచ్చి సాగనంపింది. మన గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్ళ ఆడవాళ్ళు అలా కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళారో మీకు తెలుసు. కూతురి పురుటికి వెళ్తే అడగరు. ఆసుపత్రిలో తోడు పడుకోడానికి వెళ్తే అడగరు. చావుకబురొచ్చి రాత్రికి రాత్రి బస్సెక్కినా అడగరు. నా సంతోషం కోసం ఒక ఊరు చూసొస్తానంటే మాత్రం అడుగుతారు.

ఈ సంగతి నాకు తోచింది కాదు, ఆతే తేల్చిపెట్టింది. ఆవిడకి ఎలా తెలిసిందో కూడా చెప్పాలి.

2013 నవంబరు 8న వాళ్ళ ఊరి మీద పెద్ద తుఫాను పడింది. లోకమంతా హయాన్ అంది, వాళ్ళు యొలాండా అన్నారు. ప్రభుత్వ లెక్కలోనే 6,300 మంది పోయారు. మేం హాస్టల్ టీవీ ముందు నిలబడి చూస్తున్నాం. ఫోన్లు లేవు. ఆరు రోజులు తల్లి బతికి ఉందో లేదో తెలియదు. ఏడో రోజు సెలవు దొరికింది. మనీలా వెళ్ళి, అక్కణ్ణుంచి సెబూ వెళ్ళి, ఓడలో ఓర్మోక్ రేవులో దిగి, వంద కిలోమీటర్ల పైన దొరికిన లారీలు ఎక్కుతూ దిగుతూ ఊరు చేరింది. తల్లి బతికే ఉంది. ఇంటికి కప్పు లేదు, రెండు గోడలు లేవు. మిగిలిన గోడ నీడన స్టూలేసుకుని కూర్చున్న ఆ ముసలావిడ కూతుర్ని చూసి, కౌగిలించుకోబోతూ ఆగి, ఆతే భుజం మీదుగా వెనక్కి చూసి అడిగిందట: "పెట్టె రాలేదా?"

మీకు ఆ పెట్టె సంగతి చెప్పాలి. పైదేశాల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ళు ఇంటికి ఒక పెద్ద అట్టపెట్టె పంపుతారు, వెళ్ళేటప్పుడు తీసుకెళ్తారు. సబ్బులు, చాక్లెట్లు, డబ్బా మాంసం, తువ్వాళ్ళు, చెప్పులు, అందరికీ తలొకటీ. బాలిక్‌బాయన్ పెట్టె అంటారు. మనం కువైట్ నుంచి దుప్పట్లు, టాంగ్ డబ్బాలు మోసుకొచ్చినట్టే. పాపం తల్లి అలవాటుకొద్దీ అడిగింది, వెంటనే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారట, నవ్వారట. తిరిగొచ్చాక ఆతే ఒకరాత్రి నర్సుల గదిలో టీ కలుపుతూ నాతో అంది: "అమ్మ తప్పేం లేదు. ఇన్నేళ్ళూ నేను ఇంటికి వెళ్ళలేదు. పెట్టెకి తోడుగా వెళ్ళాను."

ఆ తర్వాత ఏటి నుంచి తనకి దొరికే నెల సెలవులో నాలుగు రోజులు పక్కన పెట్టేది. చేతిలో చిన్న సంచీ, అవతల ఎదురుచూసే మనిషి గానీ పని గానీ లేని ఊరు. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పేది, దాచలేదు. తమ్ముళ్ళు గొణిగారు. తల్లి మాత్రం, "వెళ్ళు. వచ్చాక ఏం చూశావో నాకు చెప్పు, అదే నాకు తెచ్చినట్టు" అందట.

మీకు కాశీలో అవతల పనేం లేదు, గంగ చూడ్డం తప్ప. అందుకే వెళ్ళమంటున్నాను. అయితే నేరుగా కాశీ వద్దు, ముందు ఒక పూట ప్రయాణం చెయ్యండి. పాలకొల్లులో పల్లెవెలుగు ఎక్కి నర్సాపురం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మనకి జీరో టికెట్టే కదా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. బస్టాండు నుంచి ఆటోలో రేవుకి, పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి అంతర్వేది. నరసింహస్వామి దర్శనం అయ్యాక వెంటనే తిరిగి రాకండి. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర గోదారి సముద్రంలో కలిసేచోట గొడుగేసుకుని ఒక గంట కూర్చోండి. ఎవరికీ ఫోను చెయ్యకండి. మొదటి పావుగంట చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు, నాకూ అంతే అయింది. ఏదో మర్చిపోయినట్టు, ఎవరికో అన్నం పెట్టాలన్నట్టు ఉంటుంది. తర్వాత ఆ కంగారు తగ్గుతుంది. అలాంటివి రెండు మూడు చేశాక కాశీ టికెట్టు తియ్యండి.

టికెట్టు తీసేటప్పుడు ఒక్కమాట. రైల్వేలో లోయర్ బెర్త్ కోటా అని ఒకటుంది. 45 దాటి ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి ఖాళీని బట్టి కింది బెర్తు ఇస్తారు. ఒంటరిగా వెళ్ళే ఆడమనిషి అంటూ ఒకరుంటారని రైల్వేవాళ్ళ లెక్కలో ఎప్పుడో ఉంది, మీ ఆడపడుచుగారికి చెప్పండి. గది సంగతి మాత్రం టికెట్టుకన్నా ముందే తేల్చుకోవాలి. ఒక పుణ్యక్షేత్రంలో రాత్రి తొమ్మిదింటికి లాడ్జి కౌంటర్లో నన్ను "సింగిల్ లేడీకి ఇవ్వవండీ" అని పంపేశారు. ఆధార్ కార్డు బల్ల మీద పెట్టాను, చూడను కూడా చూడలేదు. రైల్వేస్టేషన్ ఆడవాళ్ళ గదిలో తెల్లార్లూ కూర్చున్నాను. ఆ అవమానం ఇప్పటికీ తగ్గలేదు నాకు. కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమంలో మన తెలుగువాళ్ళు దిగుతుంటారు. అక్కడైనా, ఎక్కడైనా, ముందే ఫోను చేసి "నేనొక్కదాన్నే వస్తాను, గది ఇస్తారా?" అని ఉన్నమాట అడిగి, అవునన్నాకే బయల్దేరండి.

ప్రశ్న: మా అమ్మాయికి 23. హైదరాబాదులో ఉద్యోగం. వచ్చే నెల ఒక్కతే అరకు వెళ్తానంటోంది. వద్దంటే చెప్పకుండా వెళ్తుందని భయం, సరేనంటే నిద్రపట్టదు.
— ఒక తల్లి, కాకినాడ

జవాబు: చెప్పి వెళ్తానంటోందంటే మీరు బాగా పెంచారు. ఆ నోరు మూయించకండి. చెప్పి వెళ్ళే పిల్లకి సాయం చెయ్యగలం, చెప్పకుండా వెళ్ళే పిల్లకి చెయ్యలేం.

ఆతే పాటించేవి చెప్తాను, మీ అమ్మాయికి చూపించండి. కొత్త ఊళ్ళో ఎండ ఉండగానే దిగాలి. మొదటి రాత్రి గది ముందే ఖాయం అయ్యుండాలి, తర్వాత రాత్రుల సంగతి ఊరు చూశాక. డబ్బు రెండుచోట్ల పెట్టుకోవాలి. రోజుకొకసారి, ఒకే వేళకి, ఒకే మనిషికి ఫోను. పదిమందికి కాదు, ఆ ఒక్కరికి. ఆ ఒక్కరూ మీరైతే, ఆ వేళ తప్ప మిగతా వేళల్లో మీరు ఫోను చెయ్యకూడదు, ఇది మీ వంతు. ఆపదలో పిలవడానికి 112, రైల్లో అయితే 139, ఫోనులో ముందే వేసి ఉంచుకోవాలి. మనసు కీడు శంకిస్తే మర్యాద చూడకుండా లేచి వచ్చెయ్యాలి. ఆటో అయినా, హోటలైనా, కబుర్లు చెప్పే పెద్దమనిషైనా సరే.

నర్సుగా ఒకటి నేను కలుపుతాను. మన ఆడపిల్లలు ప్రయాణంలో మరుగుదొడ్డి దొరకదని నీళ్ళు తాగడం మానేస్తారు. ఆతే కూడా రాజమండ్రి నుంచి మా ఊరొచ్చేదాకా చుక్క తాగలేదు. ఒక బస్టాండులో తలుపు తీసి, చూసి, వేసేసిందట. ఆ రాత్రి కడుపులో నొప్పి, మంట. మూత్రంలో ఇన్ఫెక్షన్ అలాగే మొదలవుతుంది. నీళ్ళు తాగమనండి. పెట్రోల్ బంకుల్లో, పెద్ద హోటళ్ళలో, ఆసుపత్రుల్లో అడగమనండి. అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. ఒంటరి ప్రయాణంలో సగం పని అడగడమే.

ప్రశ్న: నా భార్య నాకు చెప్పి, తన స్నేహితురాలింటికి విజయనగరం ఒంటరిగా వెళ్ళొచ్చింది. మూడు రోజులు. తప్పేం చెయ్యలేదని తెలుసు. అయినా నన్ను పక్కన పెట్టినట్టనిపించింది. ఇలా అనిపించడం తప్పా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అనిపించడం తప్పు కాదు బాబూ, దాచుకోకుండా రాశారు. ఆ మూడు రోజులూ మీరేం తిన్నారు, ఎలా గడిపారు అన్నది ఉత్తరంలో లేదు. ఆవిడ ఏం చూసొచ్చిందన్నదీ లేదు. అడిగారా? ఇవాళ సాయంత్రం కూర్చోబెట్టి అడగండి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఆతే తల్లి అడిగింది కూడా అదే కదా.

ప్రశ్న: మీ ఆతేకి మన కోనసీమలో ఏం నచ్చింది? ఏం నచ్చలేదు? మొహమాటపడకుండా రాయండి.
— డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: 2019 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. రాజమండ్రి స్టేషనుకి వస్తానన్నాను. వద్దంది. "నువ్వొస్తే నేను నీ వెనక నడుస్తాను. నాకు దారి తెలియదు" అంది. అవును, ఎవరైనా వెంట ఉంటే మనం దారి చూడం, వాళ్ళ వీపు చూస్తాం. ఒక్కతే రావులపాలెం మీదుగా రాజోలు బస్సెక్కింది.

నచ్చనిదానికన్నా ముందు ఒక సంగతి చెప్తాను. బస్సు దిగగానే నాకు చిన్న నోటుబుక్కు చూపించింది. అందులో తొమ్మిది గీతలు. రాజమండ్రి నుంచి రాజోలు వచ్చేలోపు తొమ్మిదిమంది ఒకే మాట అడిగారట. అర్థం తెలియకపోయినా చప్పుడు పట్టేసింది: "వొక్కర్తివేనా?" నేను అర్థం చెప్తే బిగ్గరగా నవ్వేసింది. వాళ్ళ దేశంలో జీప్నీ అనే బండి ఎక్కినా, పడవెక్కినా అదే ప్రశ్నట: "మాగ్-ఇసా కా లంగ్?" అచ్చం అదే, నువ్వొక్కదానివేనా అని.

ఆతే ఆ ప్రశ్నని ఆప్యాయత కింద తీసుకుంటుంది. ఇక్కడ నేను ఆవిడతో ఏకీభవించను. మాట ఒకటే, గొంతులు రెండు. బస్సులో మల్లెపూల బుట్టతో కూర్చున్నావిడ "ఒక్కర్తివేనా అమ్మా?" అని జరిగి చోటిస్తుంది. అదే మాట లాడ్జి కౌంటర్లో అతను మన సంచీ వంక చూస్తూ అంటాడు. మొదటిదానికి జవాబు చెప్పాలి, రెండోదానికి అక్కర్లేదు. తేడా మన చెవికి వెంటనే తెలుస్తుంది. ఆడపిల్లలు ఆ చెవిని నమ్మాలి.

ఇక మొగుడేడి, పిల్లలెందరు, జీతమెంత అన్న ప్రశ్నలకి ఆవిడకేం అభ్యంతరం లేదు. వాళ్ళూ అడుగుతారట. పలకరింపు కూడా మనదే, "అన్నం తిన్నావా?" అనే. పక్కన నిలబడి అడక్కుండా ఫొటోలు తియ్యడం మాత్రం నచ్చలేదు. గుళ్ళో ఒకబ్బాయి అలా తీస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

నచ్చినవి చాలా ఉన్నాయిగానీ ఒక్కరోజు చెప్తాను. నర్సాపురంలో మా చిన్నమ్మ లేసు అల్లుతుంది, చూపించడానికి తీసుకెళ్ళాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఆగి ఉంది. జంట పడవల మీద పలకలు పరిచిన పంటు. మీద ఇరవై మోటారుసైకిళ్ళు, పాలక్యాన్లు, ఒక ఆటో, రొయ్యల బుట్టలతో ఆడవాళ్ళు. మంచు ఇంకా విడలేదు, అవతలి ఒడ్డు కనబడదు. ఆతే పలక మీద కాలు పెట్టి ఆగింది. కళ్ళు మూసుకుంది. నీళ్ళ వాసన, డీజిలు వాసన, పచ్చి రొయ్యల వాసన. "ఇది మా ఊరు" అంది. ఏడు వేల పైచిలుకు ద్వీపాల దేశం వాళ్ళది. బడికి పడవ, పెళ్ళికి పడవ, ఆసుపత్రికి పడవ. వాళ్ళ చిన్నపడవకి రెండు పక్కలా వెదురుబొంగులు రెక్కల్లా కట్టి ఉంటాయట, అలలకి తిరగబడకుండా. ఏటి మధ్యకి వచ్చేదాకా మాట్లాడలేదు. తర్వాత ఒడ్డున వంగిన కొబ్బరిచెట్లు చూసి, "ఇవి తుఫాను చూసిన చెట్లే కదా?" అంది. అవి 96లో పడకుండా మిగిలినవే. తక్లోబాన్‌లో సముద్రం ఊళ్ళోకి వస్తుందని రేడియోలో చెప్పారట, 'స్టార్మ్ సర్జ్' అని ఇంగ్లీషులో. ఆ మాటకి అర్థం చాలామందికి అందలేదు. మాకు దానికొక మాట ఉంది, ఉప్పెన, చిన్నపిల్లలకి కూడా తెలుసు అన్నాను. నోటుబుక్కు తీసి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. నాలుగైదుసార్లు పలికించుకుంది నాచేత.

సాయంత్రం ఇవతల దిగి షేర్ ఆటో ఎక్కాం. వెనక కూర్చున్న నేను ఇరవై రూపాయల నోటు ముందున్నావిడకిచ్చాను, ఆవిడ పక్కతనికి, అతను డ్రైవరుకి. చిల్లర అలాగే చేతులు మారి వెనక్కొచ్చింది. ఆతే ఎగిరి గంతేసినంత పని చేసింది. వాళ్ళ జీప్నీలో ఇదే పద్ధతట. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికావాళ్ళు వదిలేసిన జీపుల్ని సాగదీసి చేసుకున్న బండి అది. అందులో "బాయద్ పో" అంటూ డబ్బులు చేతినుంచి చేతికి వెళ్తాయి. ఎవరూ నొక్కెయ్యరు. "ఒంటరిగా వచ్చినదాన్ని ఎంతమంది ముట్టుకున్నారో చూడు" అంది, ఆ చిల్లర నా అరచేతిలో పెడుతూ.

ప్రశ్న: మా అబ్బాయితో పనిచేసే విదేశీ అమ్మాయి పండక్కి మా ఇంటికొస్తానంటోంది. పోలీసులకి చెప్పాలా?
— ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: విదేశీయులు హోటల్లోనే కాదు, ఇంట్లో దిగినా ఇంటివాళ్ళు వాళ్ళ వివరాల ఫారం (ఇదివరకు ఫారం-సి అనేవాళ్ళు) నింపాలి. వచ్చిన 24 గంటల్లో ఆన్‌లైన్లో పంపాలి. పాస్‌పోర్టు, వీసా వివరాలు కావాలి. ఆతే వచ్చినప్పుడు మా మేనల్లుడు చేసిపెట్టాడు. చెప్పడం మానకండి, తర్వాత ఇబ్బంది ఆ అమ్మాయికి.

ప్రశ్న: ఒంటరిగా వెళ్తే దిగులెయ్యదా? మంచిది చూసినప్పుడు పక్కనున్నవాళ్ళకి చూపించాలనిపించదా? నాకైతే హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని తినడమే తలవంపుగా ఉంటుంది.
— ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: దిగులేస్తుందమ్మా. వెయ్యదని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. సాయంకాలం దీపాలు పెట్టే వేళ ఎక్కువ. ఆతే ఆ వేళకి గదిలో ఉండేది కాదు. సంతలోనో, చర్చి మెట్ల మీదో, బస్టాండులోనో, నలుగురూ తిరిగేచోట కూర్చునేది.

తినే సంగతికి వస్తే, కిటికీ పక్క బల్ల అడగండి, ఫోను సంచీలో పెట్టెయ్యండి, వడ్డించేవాళ్ళని "ఇవాళ మీరేం తిన్నారు?" అని అడిగి అదే తెప్పించుకోండి. ఆతే చిట్కా ఇది. మా ఊళ్ళో కూడా అలాగే అడిగి చేమాకు పులుసు తింది.

చూపించాలనిపించడం గురించి ఒకటి చెప్తాను. ఫిలిప్పీన్స్‌కి అన్నిటికన్నా ఉత్తరాన బతనేస్ అని చిన్న ద్వీపాల జిల్లా ఉంది. తుఫాన్లు ఎక్కువగా తగిలే చోటు. అక్కడి ఇవతాన్ జనం సున్నపురాయితో మందపాటి గోడలు కట్టి, పైన గడ్డి ఒత్తుగా కప్పుకుంటారు. కప్పు లేని ఇంట్లో తల్లిని చూసొచ్చిన మనిషి మొదట వెళ్ళింది అక్కడికే. వేరే చోటు తట్టలేదట. ఒక ఇంటి కిటికీ దగ్గర గోడ మందం జానతో కొలిచింది. మూడు జానలు వచ్చి ఇంకా మిగిలింది. చెయ్యి అలాగే ఉంచి ఎంతసేపు నిలబడిందో తనకే తెలియదట. నేను అప్పుడు అడిగాను, ఎవరైనా పక్కనుంటే బాగుండు అనిపించలేదా అని. "ఎవరైనా ఉంటే ఫొటో తీసి వచ్చేసేదాన్ని. ఎవరూ లేరు గనక ఏడ్చాను" అంది. తల్లిని చూసొచ్చాక ఏడాదిపాటు ఏడవలేదు ఆ మనిషి. వార్డులో మా కళ్ళెదుట ఇంజక్షన్లు చేస్తూ, నవ్వుతూ తిరిగింది.

అదే దీవిలో ఇవానా అనే ఊళ్ళో కొట్టువాడు లేని కొట్టుంది. బిస్కెట్లు, కాఫీ, ధరల పట్టీ, డబ్బులేసే పెట్టె. మనమే తీసుకుని మనమే వెయ్యాలి. సరైన చిల్లర లేక ఆతే పెద్దనోటు వేసి, మిగతాదానికి సరిపడా బిస్కెట్లు లెక్కపెట్టి తీసుకుందట, రెండుసార్లు లెక్కపెట్టి. చూసేవాళ్ళెవరూ లేనిచోట తను ఎలాంటి మనిషో ఆవేళ తెలిసిందని ఇప్పటికీ గర్వంగా చెప్తుంది. ఆ గర్వం నాకెంత ఇష్టమో.

ప్రశ్న: అందరికీ చెప్తున్నారు సరే, మీరెప్పుడు బయల్దేరుతున్నారు? ఫిలిప్పీన్స్ వెళ్ళాలంటే వీసా కష్టమా?
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: వీసా సంగతి ముందు. 2025 జూన్ నుంచి మన పాస్‌పోర్టువాళ్ళకి చూడ్డానికి వెళ్తే 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. తిరుగు టికెట్టు, బస రుజువు, ఖర్చులకి డబ్బున్నట్టు కాగితం, ఆరు నెలలకి తగ్గకుండా గడువున్న పాస్‌పోర్టు ఉండాలి.

నేను ఫిబ్రవరిలో వెళ్తున్నాను. 61 ఏళ్ళొచ్చాయి, అప్పులన్నీ తీరాయి, 97లో నాటిన మొక్కలు మేడంత ఎత్తయి కాస్తున్నాయి. మావారు తోడొస్తానన్నారు, ఈసారికి వద్దన్నాను. అర్థం చేసుకున్నారు. గొడుగు, మందుల డబ్బా ఆయనే సర్దుతున్నారు. విశాఖ నుంచి సింగపూర్, అక్కణ్ణుంచి సెబూ. సెబూ విమానాశ్రయానికి వస్తావా అని ఆతేని అడిగాను. రానంది! "సెబూ రేవుకి నువ్వే వెళ్ళు. ఓర్మోక్ పడవ ఎక్కడాగుతుందో నువ్వే అడుగు. ఓర్మోక్‌లో ఒడ్డున నేనుంటాను" అంది.

పెట్టె తీసుకెళ్ళడం లేదు. ఆతే ఇక్కడికి వచ్చినప్పుడు వాళ్ళ ఊరి బినగోల్ తెచ్చింది. కొబ్బరిచిప్పలో పోసి, అరిటాకు మూతపెట్టి, పురికొసతో బిగించిన చేమదుంపల హల్వాలాంటిది. ముడి విప్పబోతే ఆకు చిప్పకి అతుక్కుపోయింది. ఇద్దరం గోళ్ళతో ఒలుచుకుని, స్పూను కూడా లేకుండా అరుగు మీదే తిన్నాం. ఆ చిప్పని కడిగి దాచాను, ఇప్పుడు అందులో ఉప్పు పోసుకుంటున్నాను. బదులుగా ఒక డబ్బా ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్తాను, చేతిసంచీలో, ఒళ్ళో పెట్టుకుని. మూడు విమానాశ్రయాలూ, ఒక పడవా దాటేసరికి ఎన్ని విరక్కుండా మిగులుతాయో చూడాలి.

మార్చిలో ఈ పేజీ ఉండదు. ఉత్తరాలు మాత్రం ఆపకండి, ఏప్రిల్లో చూస్తాను.